1 టీబీ హార్డ్‌డిస్క్‌లో 931 జీబీయే ఉంది, మిగతాది ఎక్కడికి పోయింది?

పందిరి_ఫోటోలు · సోమవారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర. మామయ్య స్టూడియోలో పెళ్లి వీడియోలు, ఎడిటింగ్ నేనే చూసుకుంటాను. మాఘమాసం ముహూర్తాలు అయ్యేసరికి కంప్యూటర్ నిండిపోయింది. ఆరు పెళ్లిళ్ల ఫుటేజీ పక్కన దాచిపెడదామని పోయిన వారం 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొన్నాను. ఆరు ఫోల్డర్లూ సెలెక్ట్ చేసి చూస్తే 948 జీబీ వచ్చింది. టీబీ అంటే వెయ్యి జీబీ కదా, ఇంకా యాభై మిగులుతుందనుకున్నాను. కాపీ కొట్టగానే చోటు చాలదు, ఇంకా 16 జీబీ పైచిలుకు కావాలని మెసేజ్. ప్రాపర్టీస్‌లో చూస్తే మొత్తం కెపాసిటీయే 931 జీబీ!

కొన్న షాపుకి వెళ్లి అడిగితే "అన్నీ అంతే వస్తాయి బాబూ, ఫార్మాట్‌లో పోతుంది" అన్నాడు. 69 జీబీ ఫార్మాట్‌లో పోతుందా? మామయ్యేమో నన్ను చూసి నవ్వుతున్నాడు. ఎవరైనా అర్థమయ్యేలా చెప్పండి.

ధర్మాగ్రహం · సోమవారం రాత్రి 9:58

పచ్చి మోసం. కిలో బెండకాయలకి 930 గ్రాములు తూస్తే ఊరుకుంటామా? వినియోగదారుల ఫోరంలో కేసు వెయ్యండి.

లెక్కల_మాస్టారు · సోమవారం రాత్రి 10:20

బాబూ, కంగారు పడకు. ఒక్క బైటు కూడా పోలేదు. షాపతను చెప్పిన ఫార్మాట్ మాట కూడా నిజం కాదు. ఫార్మాట్‌కి పోయేది చాలా కొంచెం.

మా చిన్నతనంలో ఇంట్లో ధాన్యం కొలతలు ఉండేవి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. గమనించావా, సోల నుంచి కుంచం దాకా ప్రతి మెట్టులోనూ రెట్టింపే. కుంచంలో 64 గిద్దలు. కంప్యూటర్ లెక్కా ఇంతే, రెట్టింపులే. బిట్ అంటే ఉంది, లేదు అనే రెండే స్థితులు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. ఒక బిట్‌తో రెండు రకాలు, రెండు బిట్లతో నాలుగు, మూడింటితో ఎనిమిది. ఇలా పది రెట్టింపులు చేస్తే 1024 వస్తుంది. వెయ్యికి దగ్గరగా ఉందని పాతకాలం ఇంజనీర్లు దానికి "కిలో" అన్న పేరు అరువు తెచ్చుకున్నారు. అక్కడ మొదలైంది తకరారు.

హార్డ్‌డిస్క్ తయారుచేసేవాళ్లు కిలో అంటే కచ్చితంగా వెయ్యి అంటారు. వాళ్ల లెక్కలో కేబీ వెయ్యి బైట్లు, ఎంబీ పది లక్షలు, జీబీ వంద కోట్లు, టీబీ లక్ష కోట్లు. నీ డిస్కులో లక్ష కోట్ల బైట్లు ఉన్నాయి, డబ్బా మీద రాసింది అబద్ధం కాదు. విండోస్ మాత్రం అదే లక్ష కోట్లను 1024తో మూడుసార్లు భాగించి 931 అని చూపించి, పక్కన మళ్లీ "జీబీ" అనే రాస్తుంది. ధాన్యం అదే, కుంచం వేరు.

ఇంతకీ నీ లెక్క ఎక్కడ తప్పిందంటే, నీ ఆరు పెళ్లిళ్లు 948 అన్నది కూడా విండోస్ కుంచంతోనే కొలిచావు. డబ్బా కుంచంతో కొలిస్తే అవి దాదాపు 1,018 జీబీ. అంటే ఏ కుంచంతో కొలిచినా నీ ధాన్యం ఆ గాదెలో పట్టదు. ఒకటి ఈ కుంచంతో, ఇంకొకటి ఆ కుంచంతో కొలిచి యాభై మిగులుతుందనుకున్నావు.

పందిరి_ఫోటోలు · సోమవారం రాత్రి 10:31

మాస్టారూ, ఇప్పుడు వెలిగింది. నిజమే, రెండు వేర్వేరు లెక్కలు కలిపేశాను. ఈ మాట షాపులో ఒక్కరైనా చెప్పలేదు.

రాత్రి_డ్యూటీ · సోమవారం రాత్రి 11:47

హైదరాబాద్‌లో సర్వర్ల దగ్గర పనిచేస్తాను. మాస్టారు చెప్పింది కరెక్ట్. కాస్త అంకెలు చేరుస్తాను.

1 టీబీ అని అమ్మే హార్డ్‌డిస్కులు మామూలుగా 1,95,35,25,168 సెక్టార్లతో వస్తాయి. ఒక్కో సెక్టార్ 512 బైట్లు. గుణిస్తే 10,00,20,48,86,016 బైట్లు. అంటే లక్ష కోట్ల మీద ఇంకో 20 కోట్లు కొసరు కూడా ఇచ్చాడు. 1024తో మూడుసార్లు భాగించండి, 931.51 వస్తుంది.

యూనిట్ పెరిగేకొద్దీ ఈ తేడా కూడా పెరుగుతుంది, చాలామంది గమనించని సంగతి అదే. కేబీ దగ్గర రెండు కొలతల మధ్య తేడా 2.4 శాతం. ఎంబీ దగ్గర 4.9, జీబీ దగ్గర 7.4, టీబీకి వచ్చేసరికి దాదాపు 10 శాతం. ఒక్కో మెట్టుకీ ఇంకో 1.024తో గుణించుకుంటూ పోతాం కదా. పాతరోజుల్లో 40 ఎంబీ డిస్కు కొన్నవాడికి రెండు ఎంబీ తేడా కనిపించేది, పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు 4 టీబీ కొంటే 3.63 అని చూపిస్తుంది, గుండె గుభేల్‌మంటుంది.

ధర్మాగ్రహం · మంగళవారం ఉదయం 7:15

అయితే రెండు కుంచాలకీ ఒకే పేరు పెట్టినవాడిది తప్పు కాదా? ఆ మాట ఎవరూ అనరేం?

రాత్రి_డ్యూటీ · మంగళవారం ఉదయం 7:40

అన్నారు అన్నా. 1998లోనే ఐఈసీ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1024 లెక్కకు వేరే పేర్లు పెట్టింది. కిబిబైట్, మెబిబైట్, గిబిబైట్, టెబిబైట్. ఆ లెక్కన పందిరి గారి డిస్కు 1 టెరాబైట్, లేదా 931 గిబిబైట్లు. రెండూ నిజమే. లైనక్స్‌లో చాలా ప్రోగ్రాములు ఈ పేర్లు వాడతాయి. మ్యాక్ అయితే 2009లో వచ్చిన స్నో లెపర్డ్ అనే వెర్షన్ నుంచి డబ్బా లెక్కకే మారిపోయింది, ఇదే డిస్కు అందులో పెడితే 1 టీబీ అనే చూపిస్తుంది. విండోస్ మారలేదు.

డ్యూటీ దిగుతున్నాను, సాయంత్రం వస్తా.

పాత_సామాన్లు · మంగళవారం ఉదయం 8:05

గిబిబైట్ అంటే పక్కింటి కుక్కపిల్ల పేరులా ఉంది. అందుకే ఎవరూ వాడలేదు పాపం.

గ్రూప్స్_ప్రిపరేషన్ · మంగళవారం ఉదయం 9:30

మాస్టారూ, మరి పరీక్షలో 1 కేబీ ఎన్ని బైట్లు అని వస్తే ఏం పెట్టాలి? ఒక మెటీరియల్‌లో 1000, ఇంకోదాంట్లో 1024 ఉంది. టెన్షన్‌గా ఉంది.

లెక్కల_మాస్టారు · మంగళవారం ఉదయం 10:02

ఆప్షన్లలో రెండూ ఉంటే 1024 పెట్టమ్మా. మన దగ్గర ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్లు నేర్చుకున్న పుస్తకాలు అవే. న్యాయంగా చూస్తే కిలో అంటే వెయ్యే, కానీ పరీక్ష హాల్లో న్యాయం కంటే మార్కు ముఖ్యం.

దాంతోపాటు వరస కూడా గుర్తుపెట్టుకో. నాలుగు బిట్లు నిబుల్, ఎనిమిది బిట్లు బైట్. కిలో, మెగా, గిగా, టెరా, పెటా, ఎక్సా, జెట్టా, యొట్టా. 2022 నవంబర్‌లో వీటి పైన రొన్నా, క్వెట్టా అని ఇంకో రెండు చేర్చారు, కరెంట్ అఫైర్స్‌లో అడిగే అవకాశం ఉంది. బైట్ అన్న మాట 1956లో ఐబీఎంలో వెర్నర్ బుక్‌హోల్జ్ పెట్టింది. బిట్ అన్న మాట 1948లో క్లాడ్ షానన్ వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది, ఆ మాట జాన్ టుకీది అని షానన్ అందులోనే చెప్పాడు. 1.44 ఎంబీ ఫ్లాపీ కూడా 1024 లెక్కదే, అదొక బిట్ ప్రశ్న.

పాత_సామాన్లు · మంగళవారం ఉదయం 11:20

మాస్టారూ, ఫ్లాపీ దగ్గర మీరు కాలు జారారు. నా దగ్గర ఇంకా డజను ఫ్లాపీలున్నాయి కాబట్టి ధైర్యంగా చెబుతున్నా. 80 ట్రాకులు, 2 వైపులు, ఒక్కో ట్రాకుకి 18 సెక్టార్లు, సెక్టారుకి 512 బైట్లు. మొత్తం 14,74,560 బైట్లు. వెయ్యి లెక్కన 1.47 ఎంబీ. 1024 లెక్కన 1.41. మరి 1.44 ఎక్కడిది? 1024తో ఒకసారి భాగిస్తే 1440 కేబీ, దాన్ని మళ్లీ 1000తో భాగిస్తే 1.44! ఒక కాలు ఈ పడవలో, ఒక కాలు ఆ పడవలో.

సీడీ, డీవీడీలదీ ఇదే తంతు. సీడీ మీద రాసే 700 ఎంబీ 1024 లెక్క. డీవీడీ మీద రాసే 4.7 జీబీ వెయ్యి లెక్క, కంప్యూటర్‌లో 4.38 అని కనిపిస్తుంది. అప్పట్లో 4.5 జీబీ ఫైలు డీవీడీలో ఎందుకు పట్టదో తెలియక నేను మూడు డిస్కులు పాడుచేశాను.

లెక్కల_మాస్టారు · మంగళవారం ఉదయం 11:41

తప్పు ఒప్పుకుంటున్నాను. ముప్పై ఏళ్లు ఆ మాట పిల్లలకి చెప్పాను, ఒక్కసారి కూడా గుణించి చూడలేదు.

కరీంనగర్_రిపేర్ · మంగళవారం మధ్యాహ్నం 2:10

పందిరి తమ్ముడూ, 931 కనబడ్డదంటే నీ డిస్కు అసలుదే, ఫికర్ చెయ్యకు. అసలు మోసం వేరే ఉంటది. ఎప్పుడైనా డిస్కో పెన్‌డ్రైవో రాసినదానికి సరిగ్గా గుండ్రంగా, 1000 జీబీ, 2000 జీబీ అని విండోస్‌లో కనబడితే అప్పుడు అనుమానపడు.

పోయిన దసరాకి ఒక పిల్లగాడు 2 టీబీ పెన్‌డ్రైవ్ తెచ్చిండు, ఆన్‌లైన్ల 499 రూపాయలకి కొన్నడట. ఊరి బతుకమ్మ వీడియోలన్నీ అందుల ఎక్కించిండు. పేర్లన్నీ కనబడుతున్నయి, సైజులు కనబడుతున్నయి, తెరిస్తే మాత్రం ఒక్కటి ఆడదు. విప్పి చూస్తే లోపల 32 జీబీ చిప్పు. చిప్పును నడిపే కంట్రోలర్‌కి అబద్ధం నేర్పుతరు: ఎవరన్నా అడిగితే నేను 2000 అని చెప్పు అని. 32 నిండినంక వచ్చిందంతా పాతదాని మీదనే రాస్తది, లేదా గాలిల కలుపుతది. ఫైళ్ల పేర్ల పట్టిక మాత్రం మొదట్ల భద్రంగ ఉంటది కాబట్టి అంతా బాగున్నట్టే కనబడతది. వీడియోలు తిరిగి రాలేదు. అసలు రాయనే లేదు కద, ఎక్కడికెల్లి వస్తయి.

కొన్న రోజే పరీక్ష చేసుకోవాలె. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని విండోస్‌ల, ఎఫ్3 అని లైనక్స్‌ల ఉంటయి, రెండూ ఉచితమే. మొత్తం నిండే దాక రాసి, మళ్ల చదివి, రాసింది రాసినట్టు ఉందా అని చూస్తయి. పెద్ద డిస్కుకు గంటలు పడుతది, రాత్రి పెట్టి పడుకోవాలె.

పందిరి_ఫోటోలు · మంగళవారం మధ్యాహ్నం 3:25

అన్నా, థాంక్స్. ఇంకో సందేహం. పెళ్లికూతురు వాళ్లకి ఇద్దామని ఎడిట్ చేసిన సినిమా 9 జీబీ వచ్చింది. 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో 59 ఖాళీ ఉంది (ఈ 59 ఎందుకో ఇప్పుడు తెలుసు!). అయినా ఫైలు చాలా పెద్దది అని ఎక్కనివ్వడం లేదు. చోటుంది, ఎక్కదు. ఇదేం న్యాయం?

కరీంనగర్_రిపేర్ · మంగళవారం మధ్యాహ్నం 3:50

అది ఫ్యాట్32 తమ్ముడూ, డ్రైవ్‌ల ఫైళ్లు సర్దిపెట్టే పాత పద్ధతి. పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌ల చూడు, ఫైల్ సిస్టమ్ అని ఉంటది. ఫ్యాట్32ల ఒక్క ఫైలు సైజు రాసుకునేటందుకు 32 బిట్ల గడి మాత్రమే ఉంటది. 32 బిట్లల్ల రాయగలిగే పెద్ద అంకె 4 జీబీకి ఒక్క బైటు తక్కువ. బీరువా ఎంత పెద్దగున్నా ఒక్కో అర ఎత్తు గంతే. ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేస్తే 9 జీబీ ఎక్కుతది. లోపల ఉన్నది పోతది, ముందే తీసి పెట్టుకో. కానీ ఒక మాట: వాళ్ల ఇంట్ల టీవీ పాతదైతే ఎక్స్‌ఫ్యాట్ చదవకపోవచ్చు. పెళ్లి సినిమా పెడితే టీవీల ఏం రాకపోతే నీకే ఫోన్ చేస్తరు. ఫ్యాట్32లనే ఉంచి, స్నాతకం దాక ఒక ఫైలు, తలంబ్రాలు ఒకటి, అప్పగింతలు ఒకటి, ఇట్ల 4 జీబీ లోపల ముక్కలు చేసి ఇయ్యి. నేనైతే గట్లనే ఇస్త.

పందిరి_ఫోటోలు · మంగళవారం మధ్యాహ్నం 3:58

స్నాతకం, తలంబ్రాలు, అప్పగింతలు... మీరు మా ఫీల్డులోకి వచ్చేయండి అన్నా.

కొత్త_ఫోన్_కొన్నా · మంగళవారం సాయంత్రం 5:12

మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. ఫోన్ షాపులో 16 జీబీ ర్యామ్ అని చెప్పి అమ్మారు. ఇంటికొచ్చి చూస్తే 8 + 8 అని ఉంది. ఆ రెండో 8 ఏంటి? నాకు 128 జీబీ స్టోరేజ్‌లో కూడా 100 చిల్లరే ఖాళీ చూపిస్తోంది.

రాత్రి_డ్యూటీ · మంగళవారం రాత్రి 8:30

రెండో 8 ర్యామ్ కాదండీ. మీ 128లోంచి 8 తీసి దానికి ర్యామ్ అని పేరు పెట్టారు. వర్చువల్ ర్యామ్ అంటారు.

ర్యామ్‌కీ స్టోరేజ్‌కీ తేడా తెలిస్తే ఇది ఎంత పనికొస్తుందో మీరే చెప్పగలరు. వంటింటి గట్టు ర్యామ్, అటక స్టోరేజ్. గట్టు మీద పెట్టుకున్నవే చేతికి అందుతాయి, వండడం అక్కడే. ర్యామ్‌లో ఒక్కో బిట్ ఒక బుల్లి కెపాసిటర్‌లో ఛార్జ్. ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్, అంతే. ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్‌కి దీనిమీద 1968లో పేటెంట్ వచ్చింది. ఆ ఛార్జ్ కారిపోతూ ఉంటుంది కాబట్టి మామూలుగా ప్రతి 64 మిల్లీసెకన్లలోపు చదివి మళ్లీ నింపాలి. కరెంటు పోతే అంతా మాయం. ఫోన్ స్టోరేజ్‌లో ఉండేది ఫ్లాష్ చిప్పు, అందులో ఛార్జ్ ఇన్సులేషన్ మధ్య బందీగా ఉంటుంది, కరెంటు లేకున్నా నిలుస్తుంది, కానీ రాయడం తియ్యడం నెమ్మది, రాసినకొద్దీ అరుగుతుంది.

ఎంత నెమ్మది? ర్యామ్ నుంచి ఒక ముక్క తేవడానికి సుమారు 100 నానోసెకన్లు. ఫ్లాష్ నుంచి సుమారు 100 మైక్రోసెకన్లు, అంటే వెయ్యి రెట్లు. హార్డ్‌డిస్క్‌లో చదివే ముల్లు జరిగి, పళ్లెం తిరిగి ఆ చోటు వచ్చేసరికి సుమారు 10 మిల్లీసెకన్లు, అంటే ర్యామ్ కంటే లక్ష రెట్లు. మన కొలతలోకి తెస్తే, గట్టు మీది ఉప్పు డబ్బా అందుకోవడానికి ఒక నిమిషం అనుకోండి. ఫ్లాష్ అయితే 16 గంటల 40 నిమిషాలు. హార్డ్‌డిస్క్ అయితే 69 రోజులు, సంక్రాంతికి అడిగితే ఉగాదికి తెచ్చిచ్చినట్టు.

కాబట్టి ఆ 8 వల్ల వెనకాల పడుకున్న యాప్‌లు కాసేపు ఎక్కువ బతుకుతాయి. ఫోన్ వేగం 16 జీబీ ఫోన్ వేగం అవ్వదు. సెట్టింగ్స్‌లో ఆపేసుకోవచ్చు, మీ 8 జీబీ స్టోరేజ్ మీకు తిరిగొస్తుంది. మిగతా తగ్గింది ఆండ్రాయిడ్, కంపెనీ యాప్‌లు తిన్నది.

గ్రూప్స్_ప్రిపరేషన్ · మంగళవారం రాత్రి 8:44

సర్, అయితే ర్యామ్ 8 జీబీ అన్నది ఏ కుంచం?

రాత్రి_డ్యూటీ · మంగళవారం రాత్రి 8:52

ర్యామ్ ఎప్పుడూ 1024 కుంచమే. 8 జీబీ అంటే 8,58,99,34,592 బైట్లు. కారణం ఉంది. ర్యామ్‌లో గదులకు నంబర్లు బైనరీలో ఉంటాయి. నంబరుకి ఒక అంకె పెంచితే గదులు రెట్టింపు అవుతాయి, అందుకే సహజంగా 1024, 2048 అలా వస్తాయి. హార్డ్‌డిస్క్‌కి ఆ నిర్బంధం లేదు. పళ్లేలు ఎన్ని, ట్రాకులు ఎన్ని పడితే అన్ని. కాబట్టి వెయ్యి లెక్క వాళ్లకి సులువు, అంకె కూడా పెద్దగా కనిపిస్తుంది.

ధర్మాగ్రహం · మంగళవారం రాత్రి 9:01

"అంకె కూడా పెద్దగా కనిపిస్తుంది." అదీ! నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే.

అట్లాంటా_అబ్బాయి · మంగళవారం రాత్రి 10:15

ఆలస్యంగా చూశాను, ఇక్కడ ఇప్పుడే ఆఫీసు లంచ్. బైట్ల గురించి ఒక తెలుగు ముచ్చట.

"పెళ్లి" అని రాస్తే మనకి రెండు అక్షరాలు. కంప్యూటర్‌కి ఆరు గుర్తులు: ప, ఎత్వం, ళ, పొల్లు, ల, గుడి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు. అంటే పెళ్లి 18 బైట్లు. అదే ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఐదే బైట్లు, ఒక్కో అక్షరానికి ఒక్కటి. "శ్రీ" ఒక్క అక్షరమే, 12 బైట్లు!

దీని దెబ్బ నాకు తగిలింది. అమ్మ పాత కథల ఫైళ్లు లైనక్స్ డిస్కులోకి ఎక్కిస్తుంటే కొన్ని "పేరు చాలా పొడవు" అని ఆగిపోయాయి. అక్కడ ఫైలు పేరుకి 255 బైట్లు హద్దు. ఇంగ్లీషులో 255 అక్షరాలు, తెలుగులో 85 గుర్తులు. కథ మొదటి వాక్యమంతా ఫైలు పేరుగా పెట్టడం అమ్మ అలవాటు. విండోస్‌లో తెలుగు గుర్తుకి ఒక్క యూనిట్‌గా లెక్కిస్తారు కాబట్టి అక్కడ ఎక్కాయి.

ఎస్ఎంఎస్ కూడా ఇంతే. ఒక మెసేజ్ 140 బైట్లు. ఇంగ్లీషుకి ఏడు బిట్ల పద్ధతి కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగు ఒక్కటి కలిసినా 16 బిట్ల పద్ధతికి మారి 70కి పడిపోతుంది. అప్పట్లో శుభాకాంక్షలు తెలుగులో పంపితే రెండు మెసేజ్‌ల డబ్బులు కట్ అయ్యేది ఇందుకే.

లెక్కల_మాస్టారు · మంగళవారం రాత్రి 10:28

బాగుంది నాయనా. తెలుగు బరువైన భాష అని ఊరికే అనలేదు. అయితే పందిరి బాబు భయపడక్కర్లేదు. వెయ్యి పేజీల తెలుగు నవల కూడా పది ఎంబీ దాటదు. అతని కెమెరా సెకనుకి ఎంత తింటుందో కనుక్కుందాం ముందు.

పందిరి_ఫోటోలు · మంగళవారం రాత్రి 10:40

మెయిన్ కెమెరా 50 ఎంబీపీఎస్‌లో తీస్తాను మాస్టారూ. అంటే సెకనుకి 50 ఎంబీ. గంటకి 180 జీబీ అవ్వాలి, కానీ అంత రావడం లేదు. ఇదీ కుంచం గొడవేనా?

రాత్రి_డ్యూటీ · మంగళవారం రాత్రి 10:55

ఇది కుంచం కాదు, బిట్, బైట్ గొడవ. ఇంగ్లీషులో చిన్న బి రాస్తే బిట్, పెద్ద బి రాస్తే బైట్. కెమెరావాళ్లు, ఇంటర్నెట్‌వాళ్లు బిట్లలో చెబుతారు. 50 మెగాబిట్లని 8తో భాగిస్తే సెకనుకి 6.25 ఎంబీ. గంటకి 22.5 జీబీ. ఐదు గంటల పెళ్లికి 112 జీబీ చిల్లర. దానిమీద క్యాండిడ్ ఫోటోలు, కెమెరా తీసింది తీసినట్టు ఇచ్చే "రా" ఫైళ్లు, ఒక్కోటి పాతిక ఎంబీ వేసుకున్నా 1500 ఫోటోలకి 37 జీబీ. డ్రోన్ ఇంకొంచెం. మీరు చెప్పిన 948ని ఆరుతో భాగిస్తే పెళ్లికి 158. సరిపోయింది లెక్క.

(ఆ పాతిక ఎంబీ ఫోటో ఒక్కటి కూడా ప్రపంచంలో మొదటి హార్డ్‌డిస్క్‌లో పట్టదు. 1956 నాటి ఐబీఎం 350. 24 అంగుళాల పళ్లేలు 50, మొత్తం 50 లక్షల అక్షరాలు, అదీ ఆరేసి బిట్ల అక్షరాలు.)

ఇంట్లో 100 ఎంబీపీఎస్ నెట్ ఉందని క్లౌడ్‌లోకి ఎక్కిద్దామనుకోకండి. ఫుల్ స్పీడు ఒక్క క్షణం తగ్గకుండా వచ్చినా ఈ ఆరు పెళ్లిళ్లకి 22 గంటల 37 నిమిషాలు. అంత నిలకడగా ఎక్కడ వస్తుంది?

పందిరి_ఫోటోలు · మంగళవారం రాత్రి 11:05

మరి దాచడానికి హార్డ్‌డిస్క్ కాకుండా ఎస్ఎస్‌డీ (ఫ్లాష్ చిప్పులతో చేసిన డిస్కు) కొననా? స్పీడు కదా.

కరీంనగర్_రిపేర్ · బుధవారం ఉదయం 9:10

ఎడిటింగ్‌కి ఎస్ఎస్‌డీ, దాచేటందుకు హార్డ్‌డిస్క్. ఎస్ఎస్‌డీ బీరువాల పెట్టి మరిచిపోయే వస్తువు కాదు. దాని లోపల ఛార్జ్ మెల్లగ కారుతది. ఇప్పుడు వచ్చేటివాట్ల ఒక్క గదిల మూడు బిట్లు, నాలుగు బిట్లు కుక్కుతరు. మూడు బిట్లంటే ఎనిమిది మట్టాలు, నాలుగంటే పదహారు. లోట కొంచెం ఖాళీ అయితే ఏ మట్టమో గుర్తుపట్టలేదు. బాగా అరిగిన ఎస్ఎస్‌డీ అయితే ఇంకా తొందరగ మరుస్తది. ఇంకోటి, ఎస్ఎస్‌డీల డిలీట్ కొడితే ట్రిమ్ అని వెనకాల ఊడ్చేస్తది, మా అసొంటోళ్లు కూడా తియ్యలేం. హార్డ్‌డిస్క్‌ల అయితే పేరు మాత్రమే పోతది, మీద రాయకుండ తెస్తే తీసియ్యచ్చు.

కానీ హార్డ్‌డిస్క్ కింద పడొద్దు. ముల్లుకీ పళ్లేనికీ మధ్య సందు నానోమీటర్లల్ల ఉంటది. తిరుగుతున్నప్పుడు టేబుల్ మీదికెల్లి జారితే గీరుకపోతది. నా దగ్గరికి వచ్చే సగం కేసులు అవే, వైరు కాలికి తగిలి.

రాత్రి_డ్యూటీ · బుధవారం ఉదయం 9:22

ఇంకో డిస్కు కూడా కొనండి. ఒక్క డిస్కులో ఉన్నది దాచినట్టు కాదు. మూడు కాపీలు, రెండు రకాల మీడియాలో, ఒకటి వేరే ఇంట్లో. ఫోటోగ్రాఫర్ల దగ్గర పుట్టిన రూలే ఇది. కనీసం ఆల్బమ్ ఇచ్చి, పార్టీ చూసి సరే అనేదాకా రెండు డిస్కుల్లో ఉంచండి. పెళ్లి మళ్లీ చెయ్యమనలేం కదా.

పందిరి_ఫోటోలు · గురువారం రాత్రి 8:15

అప్‌డేట్. ఇంకో 1 టీబీ కొన్నాను, వేరే షాపులో. రాత్రంతా హెచ్2టెస్ట్‌డబ్ల్యూ పెట్టాను, రెండూ పాసయ్యాయి. ఐదు పెళ్లిళ్లు రెండింట్లోనూ ఎక్కించాను, ఒకటి మామయ్య ఇంట్లో, ఒకటి మా ఇంట్లో. ఆరోది కంప్యూటర్‌లోనే ఉంది.

మామయ్యకి టీబీ, టెబిబైట్, రెండు కుంచాలు అన్నీ వివరంగా చెప్పాను. అంతా విని, "అవన్నీ నాకెందుకురా, ఎన్ని పెళ్లిళ్లు పడతాయో చెప్పు" అన్నాడు. 931ని 158తో భాగిస్తే ఐదు పోగా 141 మిగిలింది. మార్కర్ తీసుకుని డిస్కు మీద "5 పెళ్లిళ్లు, 1 ఓణీల ఫంక్షన్" అని రాసి బీరువాలో పెట్టాడు.

పాత_సామాన్లు · గురువారం రాత్రి 8:21

రిసెప్షన్‌తో కలిపా, విడిగానా?